తిరగకూడనప్పుడు తిరిగిన చక్రం: పవర్‌గ్లైడ్ డైరీ

నవంబరు 9, శనివారం

మా ఇంపాలా కారు పికప్ లేక నీరసంగా బయల్దేరే సంగతి ఇక వాయిదా వెయ్యకూడదని ఇవాళ నిర్ణయించుకున్నాను. 1964 మోడల్ షెవర్లే. 283 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్, రెండే రెండు గేర్ల పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్. మిషిగన్‌లో, నోవైలోని మా గ్యారేజీకి వచ్చి రెండేళ్ళయింది. సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరితే వెనక సీటు నిండా ధాన్యం బస్తాలు వేసినట్టు ఈడ్చుకుంటూ కదులుతుంది. గంటకు 40 మైళ్ళు దాటాక మాత్రం ఏ లోపమూ లేనట్టు హాయిగా సాగిపోతుంది.

ఇన్నాళ్ళూ ఇంజిన్నే అనుమానించాను. కార్బురేటర్ విప్పి కడిగాను, ప్లగ్గులు మార్చాను, పాయింట్ల గ్యాప్ సరిచేశాను, ఎనిమిది సిలిండర్లలో కంప్రెషన్ చూశాను. అన్నీ బాగున్నాయి. న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ హుషారుగా లేస్తుంది. డ్రైవ్‌లో వేసేసరికి నీరసం.

వెనక వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన దగ్గర ఇదే ఏడాది, ఇదే ఇంజిన్, ఇదే గేర్‌బాక్స్ ఉన్న బెల్ ఎయిర్ ఉంది. పొద్దున నా బండి ఒక రౌండు నడిపి చూసి, స్టాల్ టెస్ట్ చేశావా అని అడిగారు. చెయ్యలేదు. ఇద్దరం కలిసి రెండు బండ్లకూ చేశాం.

చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఎడమ కాలితో బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, డ్రైవ్‌లో వేసి, కుడి కాలితో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కాలి. బండి కదలదు. ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎం దాకా లేచి అక్కడ నిలబడిపోతుందో చూసుకుని వెంటనే కాలు తీసెయ్యాలి. ఐదు సెకన్లు దాటకూడదు. ఆ ఐదు సెకన్లూ ఇంజిన్ శక్తంతా టార్క్ కన్వర్టర్‌లోని, అంటే ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే ఆయిల్ డొక్కులోని, ఆయిల్‌ను కాచడానికే పోతుంది. చక్రాలకు కదలిక రూపంలో ఒక్క వాటు కూడా చేరదు.

ఆయన బండి 1,650 చూపించింది. నాది 1,150. పది నిమిషాలు చల్లారనిచ్చి మళ్ళీ చేశాం. మళ్ళీ అంతే.

1,650 దాటి పైకి పోయి ఉంటే గేర్‌బాక్స్‌లో మొదటి గేరును పట్టి ఉంచే పట్టీ (లో గేర్ బ్యాండు) జారుతోందనుకోవాలి. ఇంజిన్ ఆరోగ్యంగా ఉండి కూడా 500 తగ్గిందంటే అనుమానం ఒక్కదాని మీదే: టార్క్ కన్వర్టర్ నడుమ ఉండే స్టేటర్.

నవంబరు 10, ఆదివారం

నాన్నతో వీడియో కాల్. ఆయన తాడేపల్లిగూడెంలో ముప్పై రెండేళ్ళు లారీ షెడ్డు నడిపారు. చెయ్యి పెట్టి చూడకుండానే క్లచ్ ప్లేటు ఎంత అరిగిందో చెప్పగలరు. ఆటోమేటిక్ బండి మాత్రం ఎప్పుడూ విప్పలేదు.

"క్లచ్ పెడలే లేదంటావు. గేర్లో ఉండగా బ్రేకేసి బండి ఆపితే ఇంజిన్ ఎందుకు ఆగిపోదురా?"

"నాన్నమ్మ మజ్జిగ చిలికేటప్పుడు కుండని పాదాలతో అదిమిపట్టుకునేది గుర్తుందా నాన్నా? కవ్వం కుండకి ఎక్కడా తగలదు. అయినా వదిలేస్తే, కవ్వం ఎటు తిరిగితే కుండ అటు తిరగబోయేది. తిప్పేది మజ్జిగ."

కవ్వం ఇంజిన్‌ది, కుండ గేర్‌బాక్స్‌ది, మజ్జిగ ఆయిల్. బ్రేకు తొక్కడమంటే కుండను పట్టుకోవడమే. కుండ ఆగినా కవ్వం ఆగక్కర్లేదు. ఐడ్లింగ్‌లో కవ్వం మెల్లగా తిరుగుతుంది కాబట్టి కుండ మీద తోపు కొద్దిగానే ఉంటుంది. అందుకే బ్రేకు వదిలితే బండి తనంతట తనే మెల్లగా పాకుతుంది.

నాన్న కాసేపు ఆలోచించారు. "బాగుంది. కానీ కవ్వం ఎంత బలంతో తిప్పితే కుండకీ అంతే కదా అందేది? మరి ఎత్తు మీద మొదటి గేర్లో లాగే బలం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

అసలు ప్రశ్న అదే. కవ్వం, కుండ మాత్రమే ఉంటే దాన్ని ఫ్లూయిడ్ కప్లింగ్ అంటారు. ఇచ్చిన తిప్పే బలాన్ని అది ఉన్నదున్నట్టు దాటిస్తుంది, పెంచలేదు. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్‌లో వచ్చిన హైడ్రామాటిక్ అలాంటిదే. బలం పెంచే పని గేర్లదే కాబట్టి దానికి నాలుగు గేర్లు పెట్టారు. 1948లో బ్యూక్ డైనాఫ్లో, 1950లో షెవర్లే పవర్‌గ్లైడ్ వచ్చాయి. వీటిలో ఆయిలే బలాన్ని పెంచుతుంది. అందుకే నా బండి రెండు గేర్లతో నెట్టుకొస్తోంది.

కన్వర్టర్ గారె ఆకారంలో ఉంటుంది. గారెను పూరీలా రెండు పలకలుగా విడదీశామనుకుందాం. వెనక పలక పంపు. అది బయటి డొక్కుతో కలిపి వెల్డింగ్ చేసి ఉంటుంది, ఇంజిన్‌తోపాటు తిరుగుతుంది. ముందు పలక టర్బైన్. అది డొక్కు లోపల విడిగా తిరుగుతుంది, దాని షాఫ్టు గేర్‌బాక్స్ లోకి పోతుంది. రెండిటి నిండా వంపు తిరిగిన రేకులు. పంపు ఆయిల్‌ను అంచు వైపు విసిరికొడితే అది టర్బైన్ రేకుల్లో దూరి, వాటిని తోసి, మధ్యకు దిగుతుంది. టర్బైన్ రేకుల వంపు వల్ల బయటికొచ్చేటప్పుడు ఆయిల్ ఇంజిన్ తిరిగే దిక్కుకు ఎదురు తిరిగి ఉంటుంది. అలాగే తిరిగి పంపులోకి పోతే పంపు రేకులను ఎదురు తన్నుతుంది, ఇంజిన్‌కు బరువవుతుంది.

ఈ రెండిటి మధ్య, గారె చిల్లు దగ్గర, స్టేటర్ ఉంటుంది. ఎదురొచ్చే ఆయిల్‌ను అది తన రేకులతో మళ్ళించి పంపు తిరిగే వైపుకే పంపుతుంది. ఆయిల్ అలా ఊపుతో పంపులోకి వచ్చి మళ్ళీ టర్బైన్‌ను తంతుంది. ఇలా మళ్ళించడానికి స్టేటర్ గట్టిగా నిలబడాలి. గోదావరిలో పడవను గెడతో తోసేవాడికి అడుగున గట్టి నేల తగలాలి కదా. ఇక్కడ నేల గేర్‌బాక్స్ కేసు. స్టేటర్ ఒక షాఫ్టు ద్వారా ఆ కేసును తన్నిపట్టి నిలబడుతుంది. బండి ఆగి ఉండి ఇంజిన్ పూర్తిగా లాగుతుంటే నా మోడల్ పవర్‌గ్లైడ్‌లో ఇంజిన్ బలం సుమారు 2.1 రెట్లవుతుంది. ఒక వంతు ఇంజిన్ ఇచ్చింది, మిగతా 1.1 స్టేటర్ కేసును తన్నిపట్టడం వల్ల వచ్చింది. దాని మీద లో గేరు 1.82. మొత్తం 3.8 రెట్లు.

"బండి ఊపందుకున్నాక?" అన్నారు నాన్న.

టర్బైన్ వేగం పంపు వేగానికి దగ్గరయ్యేకొద్దీ అందులోంచి వచ్చే ఆయిల్ దిక్కు మారుతుంది. ఎదురు వచ్చేది కాస్తా స్టేటర్ వీపు మీద కొట్టడం మొదలుపెడుతుంది. అప్పుడు కూడా స్టేటర్ కదలకుండా ఉంటే ప్రవాహానికి అడ్డమే. అందుకని దాని నడుమ ఒక వన్ వే క్లచ్ పెట్టారు, సైకిల్ ఫ్రీవీల్ లాంటిది. ఒక వైపు తిరగనివ్వదు, రెండో వైపు తిరగనిస్తుంది. అప్పటి నుంచి కన్వర్టర్ కాస్తా వట్టి కప్లింగ్.

"అయితే నీ బండిలో ఆ ఫ్రీవీల్ రెండు వైపులా తిరుగుతోంది" అన్నారు నాన్న. నేను చెప్పబోతున్న మాట ఆయనే అనేశారు. మొదట్లో గెడకు నేల దొరక్క బలం పెరగదు, పైగా ఆయిల్ ఎదురు తన్ని ఇంజిన్‌ను 1,150 దగ్గరే అణచిపెడుతుంది. వేగం అందుకున్నాక ఎలాగూ స్టేటర్ తిరగాల్సిందే కాబట్టి తేడా తెలియదు. ఇదే క్లచ్ బిగుసుకుపోయి ఉంటే వ్యవహారం తలకిందులయ్యేది: బయల్దేరడం బాగుండి, హైవే మీద బండి బరువెక్కి ఆయిల్ కాలిపోయేది.

నవంబరు 23, శనివారం

గేర్‌బాక్స్ దించాను. పొద్దున ఏడుకు మొదలుపెడితే సాయంత్రం నాలుగైంది. బయట మొదటి మంచు.

విప్పేముందు ఫ్లెక్స్ ప్లేటు (ఇంజిన్ చివర కన్వర్టర్‌ను బిగించే పలచటి ఉక్కు పలక) మీదా కన్వర్టర్ మీదా ఎదురెదురుగా తెల్ల పెయింటు గుర్తు పెట్టాను, బ్యాలెన్స్ చెడకుండా. మూడు బోల్టులే. ఆయిల్ ఎర్రగా ఉండాల్సింది డికాషన్ రంగులో వచ్చింది, మాడిన వాసన. ఈ బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కాలంలో ఆటోమేటిక్ ఆయిల్‌లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. క్లచ్‌లు, బ్యాండ్లు మెత్తగా పట్టడానికి దాన్ని మించింది దొరకలేదు. 1970ల మొదట్లో ఆ తిమింగలాల వేట నుంచి వచ్చే సరుకును అమెరికా నిషేధించాక ఆయిల్ తయారీదారులు వేరే రసాయనాలు వెతుక్కోవాల్సి వచ్చింది. వేలికి అంటిన ఆ గోధుమరంగు ఆయిల్ తుడుచుకుంటూ ఎందుకో ఆ సంగతే ఆలోచిస్తూ ఉండిపోయాను.

ఆయిల్ వంపేశాక కన్వర్టర్‌ను బల్ల మీద బోర్లించి, దాని నడుమ పొడుచుకొచ్చే గొట్టం, అంటే హబ్, రంధ్రంలోకి స్నాప్ రింగ్ పట్టకారు దూర్చి స్టేటర్ లోపలి రింగు పట్టుకుని తిప్పాను. ఒక వైపు తేలిగ్గా తిరిగింది, అది సరైనదే. రెండో వైపు తిప్పితే అడుగడుగునా గరగరమంటూ కాస్త పట్టినట్టే పట్టి, జారి, తిరిగిపోయింది. ఇరవై సార్లు తిప్పి ఉంటాను. ఒక్కసారి కూడా పూర్తిగా నిలబడలేదు.

డిసెంబరు 14, శనివారం

పాత కన్వర్టర్ తీసుకుని రీబిల్డింగ్ షాపుకు వెళ్ళాను. దీన్నే బాగుచెయ్యకుండా, ఇలాంటిదే ఇంకొకటి రీబిల్డ్ చేసింది కొనుక్కుని, నాదాన్ని కోసి చూపించమని అడిగాను. లేత్ మీద బిగించి అంచు వెల్డింగ్ వెంట కోశారు. పావుగంటలో గారె రెండుగా విడిపోయింది.

టర్బైన్ రేకులు బాగానే ఉన్నాయి. పలచటి ఇనప రేకులు, ప్రతి దానికీ చిన్న చెవులు, ఆ చెవులు గిన్నె గాడుల్లో దూరి మడిచి ఉన్నాయి. గిన్నె అడుగున నల్లటి మడ్డి. చెయ్యి పెడితే మెత్తగా, కాటుకలా అంటుకుంది. అల్యూమినియం స్టేటర్‌ను చేతిలోకి తీసుకుని నడుమ ఉన్న క్లచ్ విప్పాను. ఉక్కు రింగు లోపల వాలు గాడులు, ఒక్కో గాడిలో ఒక్కో చిన్న రోలర్, దాన్ని ఇరుకు వైపు తోస్తూ ముడతలు పెట్టిన పలచటి స్ప్రింగు. ఒక వైపు తిప్పితే రోలర్ ఇరుకులో ఇరుక్కుని రింగును పట్టెయ్యాలి. స్ప్రింగుల్లో మూడు నలిగి చదునైపోయాయి. రోలర్లు గుండ్రంగా లేవు. గోరుతో గీస్తే ఒక పక్క చదును తెలుస్తోంది. గాడుల వాలు మీద ఆ రోలర్లు తవ్వుకున్న చిన్న చిన్న గుంటలు. అరవై ఏళ్ళు ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంజిన్ ఇచ్చే బలానికి మించిన బలాన్ని ఈ బఠాణీ గింజల్లాంటి రోలర్లు ఆపాయి. వాటిని ఒక డబ్బాలో వేసి తెచ్చుకున్నాను.

దారిలో లివోనియా మీదుగా వచ్చాను. జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ గేర్‌బాక్సులు తయారుచేసిన ఫ్యాక్టరీ ఆ ఊళ్ళోనే ఉండేది. 1953 ఆగస్టు 12న అది కాలిపోయింది. గేర్‌బాక్సులు లేక కార్ల లైన్లు ఆగిపోయే పరిస్థితి. అప్పుడు కొన్నాళ్ళు క్యాడిలాక్‌లకూ ఓల్డ్స్‌మొబీల్‌లకూ బ్యూక్ డైనాఫ్లో, పాంటియాక్‌లకు పవర్‌గ్లైడ్ బిగించి పంపారు. తయారీని విల్లో రన్‌కు, అంటే యుద్ధంలో ఫోర్డ్ కంపెనీ బీ-24 బాంబర్లు తయారుచేసిన షెడ్డులోకి మార్చారు. నా బండిలాంటివాటికి తాతలైన ఈ గేర్‌బాక్సులు ఒకదానికొకటి ఇలా ఆపదలో అక్కరకొచ్చిన కథ నాకు చాలా ఇష్టం.

డిసెంబరు 27, శుక్రవారం

సెలవులు. పని చెయ్యలేదు, చదివాను. ఈ ఆలోచన మొదట కార్ల కోసం పుట్టింది కాదు. అప్పటి జర్మనీలో స్టెటిన్ దగ్గర వల్కన్ నౌకా నిర్మాణ సంస్థలో హెర్మన్ ఫోటింగర్ అనే ఇంజినీర్ ఉండేవాడు. ఆవిరి టర్బైన్ మహా వేగంగా తిరిగితేనే బాగా పనిచేస్తుంది, ఓడ ప్రొపెల్లర్ మెల్లగా తిరగాలి. రెండిటినీ ఎలా కలపాలన్నది ఆయన సమస్య. ఒక పంపు నీటిని తోస్తే ఆ నీరు గొట్టాల ద్వారా పోయి ఒక టర్బైన్‌ను తిప్పొచ్చు. ఆయన ఆ గొట్టాలు తీసేసి పంపునూ టర్బైన్‌నూ ఒకే డొక్కులో ఎదురెదురుగా పెట్టేశాడు. 1905లో పేటెంటు. గొట్టాలు తీసెయ్యడం అన్న ఆ ఒక్క మాట దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

ఫిబ్రవరి 8, శనివారం

కూలర్ గొట్టాలు, రేడియేటర్ లోపలి కూలర్ రెండు సార్లు కడిగాను. పాత మడ్డి అక్కడ మిగిలితే కొత్త కన్వర్టర్‌లోకే వస్తుంది. గేర్‌బాక్స్ ఆయిల్ పంపు ముందు సీలు కొత్తది వేశాను. ఇంజిన్ మీది బరువును బట్టి గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్‌ను సర్దే వాక్యూమ్ మాడ్యులేటర్ కూడా మార్చాను. దాని లోపలి పొర చిరిగితే ఇంజిన్ గేర్‌బాక్స్ ఆయిల్‌ను పీల్చుకుని తెల్ల పొగ వదులుతుంది. పాతది ఇంకా బాగానే ఉంది గానీ, ఇంత దూరం విప్పాక దాన్ని నమ్మబుద్ధి కాలేదు.

పొద్దున నాన్న ఫోన్లో ఒక మాట చెప్పారు. "ఏ గేర్‌బాక్సైనా చేత్తోనే కూర్చోవాలి. బోల్టుతో లాగావంటే లోపల ఏదో ఇరిగినట్టే."

కన్వర్టర్‌లో ఒక క్వార్టు (సుమారు లీటరు) ఆయిల్ పోసి, హబ్ వైపు నుంచి గేర్‌బాక్స్ లోకి తోస్తూ, అటూ ఇటూ తిప్పుతూ కూర్చోబెట్టాలి. మూడు టక్కులు వినాలి. మొదటిది టర్బైన్ షాఫ్టు స్ప్లైన్లు (షాఫ్టు మీది నిలువు పళ్ళు), రెండోది స్టేటర్ షాఫ్టు స్ప్లైన్లు, మూడోది హబ్ చివరి రెండు గాడుల్లో ఆయిల్ పంపు గేరు పళ్ళు దూరడం. నేను మూడు విన్నాననే అనుకున్నాను.

జాకీ మీద గేర్‌బాక్స్ లేపి ఇంజిన్‌కు ఆనించాను. ఒక వేలు మందం సందు మిగిలిపోయింది. డోవెల్ పిన్నుల దగ్గర పట్టేస్తోందనుకుని రెండు బోల్టులు ఎక్కించి పానాతో అర చుట్టు బిగించాను. సందు తగ్గుతోంది కూడా. అక్కడ చెయ్యి ఆగిపోయింది. అలాగే బిగించి ఉంటే కన్వర్టర్ హబ్ పంపు గేరు మీద కూర్చుని దాన్ని పగలగొట్టేది. స్టార్ట్ చేసిన మరుక్షణం ఆయిల్ ప్రెషర్ ఉండేది కాదు, మూడు నెలల పని పోయేది.

బోల్టులు తీసి, గేర్‌బాక్స్ వెనక్కి లాగి, దించి మళ్ళీ మొదలు. ఈసారి కళ్ళు మూసుకుని, అరచేతులు రెండూ కన్వర్టర్ మీద ఆనించి, మెల్లగా తిప్పాను. చాలాసేపటికి మూడో టక్కు. చెవికి కాదు, చేతులకు తెలిసింది. అరంగుళం పైనే లోపలికి జారింది. మళ్ళీ లేపితే గేర్‌బాక్స్ ముందు గంట ఆకారపు కేసు (బెల్ హౌసింగ్) చేత్తో తోస్తేనే ఇంజిన్‌కు అతుక్కుంది. కన్వర్టర్ ఇంకా స్వేచ్ఛగా తిరుగుతోంది. ఫ్లెక్స్ ప్లేటుకూ దానికీ మధ్య కొలిస్తే 4 మిల్లీమీటర్లు. 3 నుంచి 5 ఉండాలి. అప్పుడు ముందుకు లాగి మూడు బోల్టులూ బిగించాను.

మార్చి 15, శనివారం

ఆయిల్ పోయడం. ముందు నాలుగు క్వార్టులు పోసి ఇంజిన్ స్టార్ట్ చేశాను. కన్వర్టర్ తాగుతున్నకొద్దీ డిప్‌స్టిక్ మీద మట్టం పడిపోతూ ఉంటుంది. పోస్తూ చూస్తూ ఎనిమిది దాటింది. వేడెక్కాక, న్యూట్రల్‌లో, ఇంజిన్ నడుస్తుండగా చూసిందే లెక్క.

రివర్స్‌లో వెయ్యగానే బండి నడుము వంచినట్టు చిన్నగా కదిలింది. డ్రైవ్ కూడా అంతే. స్టాల్ టెస్ట్‌కు పెద్దాయన్ని పిలిచాను. గ్యారేజీ ముందు మంచు పక్కకు నెట్టి, చెక్కలు పెట్టి, ఆయన మీటర్ చూస్తుండగా తొక్కాను. 1,600. ఆయనేమీ అనలేదు, బొటనవేలు పైకెత్తి మీటర్ నాకు చూపించారు.

రోడ్డు మీదకు తీసుకెళ్ళడం మాత్రం ఉప్పు పోయాకే. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద చల్లే ఉప్పుకు పాత కారు అడుగు తినుకుపోతుంది.

ఏప్రిల్ 19, శనివారం

రెండు పెద్ద వానలు పడి రోడ్లు కడుక్కుపోయాయి. గ్రాండ్ రివర్ అవెన్యూ మీద పన్నెండు మైళ్ళు నడిపాను. మొదటి సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడగానే కాలు సగం నొక్కానో లేదో వీపు సీటుకు ఆనింది. ఈ బండిలో రెండేళ్ళలో మొదటిసారి. హైవే మీద మాత్రం ఎప్పటిలాగే ఇంజిన్ కొంచెం ఎక్కువ తిరుగుతుంది. పంపుకూ టర్బైన్‌కూ మధ్య ఎంతో కొంత జారుడు మిగిలే ఉంటుంది. ఆ జారుడు పోగొట్టడానికి ప్యాకర్డ్ కంపెనీ 1949లోనే కన్వర్టర్‌లో లాకప్ క్లచ్ పెట్టింది. మిగతావాళ్ళు చాలామంది పెట్రోలు ధర మండాక, 1970ల చివర్లో దారికొచ్చారు. 1964 షెవర్లేకు అది లేదు, నేను పెట్టబోవడమూ లేదు.

ఫోన్ డాష్‌బోర్డు మీద పెట్టి తీసిన వీడియో నాన్నకు పంపాను. అక్కడ రాత్రి పది దాటింది. వెంటనే ఫోన్ చేశారు.

"గేరు మారింది తెలిసింది. దానికంటే ముందు ఇంకోటి జరిగింది, అదేంటి? ఇంజిన్ శబ్దం లేచి కాసేపు అక్కడే నిలబడిపోయింది, బండి మాత్రం పరిగెడుతూనే ఉంది. తర్వాత మళ్ళీ బండితో కలిసి లేవడం మొదలెట్టింది."

"నిలబడినంతసేపూ స్టేటర్ పట్టుకుని ఉంది నాన్నా. మళ్ళీ లేవడం మొదలెట్టిన చోటుకి అటూ ఇటూగా వదిలేసింది."

"ఉండు" అని ఫోన్ పెట్టేశారు. ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ చేశారు. ఆ ముక్క నాలుగు సార్లు విన్నారట.

ప్యాన్ గ్యాస్కెట్ వెనక మూల దగ్గర ఒక చుక్క ఆయిల్ కనిపించింది. వంద మైళ్ళు తిరిగాక బోల్టులు మళ్ళీ ఒకసారి చూడాలి.